తుపానుకు తడిసిన వేరుశనగ కట్టె: గుర్రం దగ్గుకు మేత నుంచి వచ్చిన ఇన్ఫెక్షనే కారణమా?

చెరువుగట్టు, శింగనమల | డిసెంబరు 6, ఉదయం 7:10

సభ్యులకు నమస్కారం. మా ఇంట్లో రెండు గుర్రాలు ఉన్నాయి. పెద్దది పెళ్ళి ఊరేగింపులకు వెళ్ళే తెల్లని ఆడగుర్రం. దానికి 9 ఏళ్ళు, బరువు 350 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. రెండోది పిల్లలు ఎక్కే పొట్టి గుర్రం. కార్తీకం వెళ్ళినప్పటి నుంచి పెద్దదానికి దగ్గు పట్టుకుంది. పొద్దున గాడిలో మేత వేసి నేను పక్కకు తిరిగేలోపే అది మెడ చాచి నాలుగైదుసార్లు దగ్గుతుంది, కాసేపు తినడం మానేసి నిలబడుతుంది, మళ్ళీ మూతి పెడుతుంది. రెండు ముక్కుపుటాల నుంచీ పలచగా తెల్లని చీమిడి కారుతోంది. మాకు దగ్గరలోని వైద్యుడు చూసి ఇన్ఫెక్షన్ అని చెప్పి 5 రోజులు ఇంజెక్షన్లు వేశారు. ఆ 5 రోజులూ తగ్గింది, వారం తిరగకుండానే మళ్ళీ మొదలయింది. రెండోసారి ఇంజెక్షన్లు వేసినా అదే వరస.

మేత సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మా 6 ఎకరాల వేరుశనగ పీకి వరసలు వేసిన మర్నాడే తుపాను ముసురు పట్టి మూడు రోజులు వదలలేదు. తెరిపి ఇచ్చాక రెండు రోజులు మాత్రమే ఎండబెట్టి, మళ్ళీ మబ్బు కమ్ముతుందన్న భయంతో మిషనుకు వేసి, కాయలు తీయగా మిగిలిన తీగను, అంటే కట్టెను, వామి వేశాము. పైకి చూస్తే ఎండినట్లే ఉంది. వాసన మాత్రం మునుపటి ఏడాది కట్టె వాసన కాదు. పొట్టి గుర్రం ఇదే కట్టె తింటున్నా దానికి ఏమీ కాలేదు కాబట్టి మేత తప్పు కాదేమో అని కూడా అనిపిస్తోంది. ఎండుమేత నుంచి గుర్రానికి ఇన్ఫెక్షన్ వస్తుందా? వస్తే ఈ వామి మొత్తం పారేయవలసిందేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

కల్లూరు కళ్ళెం, కర్నూలు | డిసెంబరు 6, ఉదయం 8:25

అన్నా, మిగతా చర్చ ఎలా సాగినా ఈ పూట నుంచే ఆ కట్టె ఆపేయండి. నేను 6 గుర్రాలతో చిన్న స్వారీ శిక్షణ సాల నడుపుతున్నాను. బూజు పట్టిందన్న అనుమానం ఉన్న మేతను అలవాటు తప్పుతుందన్న మొహమాటంతో కొనసాగించి ఒకసారి బాగా నష్టపోయాను. మీరు ఒక పని చేయండి. వామిలో చేయి మోచేతి దాకా దూర్చి ఒక పిడికెడు కట్టె బయటికి లాగి, ఎండకు ఎదురుగా పట్టుకుని దులపండి. ఎర్రగా రాలితే అది మట్టి. బూడిద రంగులోనో తెల్లగానో పొగలా లేచి, గాలిలో తేలుతూ ఎంతసేపటికీ కిందికి దిగకపోతే అది బూజు. ఇంకా, జ్వరం ఎంత ఉందో, నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రాయండి. ఆ రెండు లెక్కలు లేకుండా ఇక్కడ ఎవరూ సరైన మాట చెప్పలేరు.

ఆదోని జట్కా | డిసెంబరు 6, ఉదయం 10:40

నేను కొంచెం విభేదిస్తున్నాను. మా నాయన ఆదోని రైల్వే స్టేషను దగ్గర 40 ఏళ్ళు జట్కా తోలాడు. మా గుర్రాలకు వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, రాత్రికి ఉడకబెట్టిన ఉలవలు తప్ప మరో మేత తెలియదు. వానకు తడిసిన కట్టె ఆ రోజుల్లోనూ ఉండేది. దుమ్ముకు జబ్బు వచ్చేటట్లయితే జట్కా గుర్రాలన్నీ స్టేషను ముందే పడిపోయి ఉండేవి. మార్గశిర మాసపు చలిగాలికి దగ్గు రావడం సహజమే. రాత్రిపూట గోనెపట్టా కప్పి, మిరియాలు కలిపిన నల్లబెల్లం రెండు పూటలు పెడితే సరిపోతుందని నా అభిప్రాయం. ఆరెకరాల కట్టె పారేయమని చెప్పడం తేలికే గాని, ఈ జిల్లాలో వేసవికి మేత కొనవలసిన రైతుకు ఆ మాట ఎంత భారమో కూడా ఆలోచించాలి.

విశ్రాంత పశువైద్యుడు, కడప | డిసెంబరు 6, మధ్యాహ్నం 3:15

చెరువుగట్టు గారు అడిగిన ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి. ఇన్ఫెక్షన్ అంటే ఒక సూక్ష్మజీవి ఒంట్లోకి ప్రవేశించి, అక్కడ బతికి, పెరిగి, హాని చేయడం. బూజు పట్టిన మేత వల్ల గుర్రాలకు అత్యధికంగా వచ్చే జబ్బు ఆ కోవలోకి రాదు. తేమతో వామి వేసిన మేత లోపల కాగుతుంది. ఆ వేడిలో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ వంటి బూజులు, సాకరోపాలిస్పోరా, థర్మోయాక్టినోమైసిస్ వంటి వేడిని ఇష్టపడే సూక్ష్మజీవులు పెరిగి, కోట్ల కొద్దీ బీజాలను వదులుతాయి. వీటిలో చాలావరకు 5 మైక్రాన్ల కన్నా చిన్నవి కావడం వల్ల ముక్కులోనూ గొంతులోనూ ఆగకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా చేరుతాయి. అవి అక్కడ పెరగవు. కానీ తత్వం సరిపడని గుర్రంలో శ్వాసనాళాలు వాచి, ముడుచుకుపోయి, చీమిడి ఊరుతుంది. పూర్వం దీనిని హీవ్స్ అనేవారు, ఇప్పుడు ఈక్వైన్ ఆస్తమా అంటున్నాము. ఇది ఒక గుర్రం నుంచి మరో గుర్రానికి అంటదు. ఒకే గాడిలో తిన్నా ఒకదానికి వచ్చి రెండోదానికి రాకపోవడం దీని లక్షణమే కాబట్టి, మీ పొట్టి గుర్రం బాగుందన్న కారణంతో మేతను నిర్దోషి అని తేల్చకండి.

ఆరోగ్యంగా ఉన్న గుర్రం నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. జ్వరమాపకం 99 నుంచి 101.5 డిగ్రీల మధ్య చూపుతుంది. న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా జ్వరం ఉంటుంది, గుర్రం మేత వదిలి తల వేలాడేస్తుంది, చీమిడి చిక్కగా పసుపు రంగులో ఉంటుంది. ఆస్తమాలో జ్వరం ఉండదు, ఆకలి ఉంటుంది, ఊపిరి మాత్రం బరువెక్కుతుంది. గాలిని బయటికి నెట్టడానికి పొట్ట కండరాలను వాడి వాడి, డొక్క కింది అంచు వెంట నాగటి చాలు లాంటి గీత ఏర్పడుతుంది. అది మీ గుర్రానికి ఉందేమో చూడండి. ఇంకొక ప్రశ్న: ఇంజెక్షన్లు వేయించిన ఆ 5 రోజులూ మీరు ఏ మేత పెట్టారు?

ఆదోని మిత్రులకు ఒక మాట. మిరియాల బెల్లం హాని చేయదు గాని శ్వాసనాళంలోకి పోతున్న బూజును ఆపదు.

చెరువుగట్టు, శింగనమల | డిసెంబరు 6, రాత్రి 8:50

డాక్టరు గారూ, మీ చివరి ప్రశ్న చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. జబ్బు మనిషికి పథ్యం పెట్టినట్లుగా, సూదులు వేసిన రోజుల్లో మా ఇంటావిడ చెరువు కట్ట మీద పచ్చి గరిక కోసుకువచ్చి పెట్టింది. రెండుసార్లూ అంతే. సూదులు అయిపోయిన మర్నాడు మళ్ళీ కట్టె వేశాము. తగ్గించింది సూది కాదు, గరిక అన్నమాట.

ఈ సాయంత్రం జ్వరం చూశాను, 100.2 ఉంది. సెల్‌ఫోనులో నిమిషం పెట్టుకుని డొక్క కదలికను లెక్కిస్తే 24 వచ్చింది. రెండోసారి లెక్కించినా 23. మీరు చెప్పిన గీత కుడివైపు స్పష్టంగా కనబడుతోంది. ఇన్నాళ్ళూ అది బక్కచిక్కినందువల్ల వచ్చిందనుకున్నాను. కల్లూరు అమ్మాయి గారు చెప్పినట్లు కట్టె దులిపి చూశాను. మొదట ఎర్రమట్టి రాలింది, తరువాత సాంబ్రాణి పొగలాగా లేచింది. నాకే తుమ్ములు ఆగలేదు.

విశ్రాంత పశువైద్యుడు, కడప | డిసెంబరు 7, ఉదయం 6:30

ఇక సందేహం పెద్దగా లేదు. అయినా మీ వైద్యునికి ఈ వివరాలు చెప్పి ఊపిరితిత్తులు మరొకసారి వినిపించండి. అవసరమైతే శ్వాసనాళాలను సడలించే మందు, వాపు తగ్గించే మందు ఆయన ఇస్తారు. స్టెరాయిడ్లను మాత్రం మీ అంతట మీరు కొట్లో కొని వేయకండి. నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే అది ముదురుతుంది, కొన్ని గుర్రాలకు గిట్టల లోపలి పొర వాచే ప్రమాదమూ ఉంది. ఏ మందు వేసినా గాడిలో బూజు ఉన్నంతకాలం అది తాత్కాలికమే.

జట్కా గుర్రాలకు ఎందుకు రాలేదన్న ప్రశ్న మంచిది, దానిని తోసిపుచ్చకూడదు. ఆ గుర్రాలు పగలంతా ఆరుబయట తిరిగేవి, చెట్టు కింద నిలబడి మేసేవి. నాలుగు గోడల మధ్య మూసిన సాలలో బీజాలు పేరుకున్నట్లు ఆరుబయట పేరుకోవు. ఆ రోజుల్లో కాయలను చేత్తో వలిచేవారు కాబట్టి కట్టె ఆకుతో, పొడవుగా, శుభ్రంగా మిగిలేది. ఇప్పుడు మిషను దానిని నలగగొట్టి, వేరుకు అంటిన మట్టితో సహా పొట్టు చేసి చిమ్ముతుంది. అయినా, దగ్గుతో కుంటుపడిన గుర్రాన్ని జట్కాకు కట్టకుండా అమ్మేసేవారు, కాబట్టి అవి మనకు గుర్తుండవు.

బూజు వల్ల నిజమైన ఇన్ఫెక్షన్ రావడం అరుదే గాని అసలు లేదనలేము. గుర్రానికి గొంతు వెనుక రెండు గాలి సంచులు ఉంటాయి. వాటి గోడను ఆనుకుని మెదడుకు వెళ్ళే పెద్ద ధమని ఉంటుంది. ఆస్పర్జిల్లస్ అక్కడ నాటుకుంటే ధమని గోడ తినివేయబడి ముక్కు నుంచి నెత్తురు పడుతుంది. విశ్రాంతిగా నిలబడిన గుర్రానికి, అందులోనూ ఒక పక్క ముక్కు నుంచి నెత్తురు కారితే మర్నాటి దాకా ఆగవద్దు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు | డిసెంబరు 7, ఉదయం 9:45

మేత వల్ల చావు కూడా వస్తుందని నా అనుభవంతో చెబుతున్నాను. రెండేళ్ళ కిందట వేసవిలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది వరి గడ్డిని, మిషనుతో చుట్టిన కట్టలుగా ఒక వ్యాపారి దగ్గర లారీ లెక్కన కొన్నాను. నా దగ్గర అప్పుడు మూడు గుర్రాలు ఉండేవి. ఒక శుక్రవారం ఉదయం మగ గుర్రం ఉలవలు నోట్లోకి తీసుకుంటోంది గాని మింగలేక పక్కలకు రాలుస్తోంది. తోక ఎత్తి చూస్తే తాడులా మెత్తగా ఉంది. నాలుకను పక్కకు లాగితే వెనక్కు తీసుకునే బలం లేదు. జ్వరం లేదు. మధ్యాహ్నానికి కాళ్ళు వణికి పడుకుంది, ఆదివారం తెల్లవారుజామున ఊపిరి ఆగిపోయింది. వచ్చిన వైద్యుడు బొట్యులిజం అని అనుమానించి, మిగిలిన గడ్డి విప్పి చూడమన్నారు. ఆ గుర్రం ముందు సగం తిన్న కట్ట మధ్యలో చితికి ఎండిపోయిన పందికొక్కు కళేబరం దొరికింది. చుట్టూ ఉన్న గడ్డి నల్లగా జిగురుగా ఉంది.

వ్యాపారిని నేను నిందించలేదు. కోసే మిషనుకు కింద ఏముందో కనబడదు. కట్ట విప్పకుండా కోసి గాడిలో కుదేసిన తప్పు నాది. అప్పటి నుంచి ప్రతి కట్టనూ నేల మీద విప్పి, పలచగా పరిచి, చూసి మాత్రమే వేస్తున్నాను. దానికి 10 నిమిషాలు పడుతుంది.

విశ్రాంత పశువైద్యుడు, కడప | డిసెంబరు 7, ఉదయం 11:20

చాలా బాధాకరం. మీరు వర్ణించిన లక్షణాలు ఆ జబ్బుకు సరిగ్గా సరిపోతాయి. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా గాలి ఆడని చోట, కుళ్ళిన కళేబరంలోనో ముక్కిపోయిన మేతలోనో పెరిగి విషాన్ని తయారు చేస్తుంది. గుర్రం తినేది ఆ విషాన్ని. కాబట్టి ఇది కూడా సాధారణంగా ఇన్ఫెక్షన్ కాదు, విషప్రయోగం వంటిది. గుర్రాలు ఈ విషానికి ఎంతో సున్నితమైనవి; పక్కనే అదే గడ్డి తిన్న ఎద్దు బతకవచ్చు. విషానికి విరుగుడు సీరం ఉంది గాని మన ప్రాంతంలో వేళకు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోలేము. ప్లాస్టిక్ చుట్టి పులియబెట్టిన సైలేజీ పాడికి బాగానే ఉంటుంది, గుర్రానికి మాత్రం ఇదే కారణంతో నేను వద్దంటాను.

ఈశాన్య మూల, కదిరి | డిసెంబరు 7, మధ్యాహ్నం 1:05

నేను పశువైద్య విద్యార్థిని. ఇంటర్నెట్లో ఈ విషయం వెదికితే మొదట కనబడేది ఒపోసమ్ అనే జంతువు రెట్ట వల్ల మేత కలుషితమై గుర్రాలకు నరాల జబ్బు వస్తుందన్న సమాచారం. అది అమెరికా ఖండాలకు సంబంధించినది. ఆ జంతువు మన దేశంలో లేదు కాబట్టి సభ్యులు కంగారు పడనవసరం లేదు. మనకు సంబంధించినవి ఎలుకలు, పక్షులు. వాటి రెట్టల ద్వారా సాల్మొనెల్లా అనే బాక్టీరియా మేతలోకి చేరి తీవ్రమైన విరేచనాలు కలిగిస్తుంది. ఇది అసలైన ఇన్ఫెక్షన్. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఎండిన మేతలో ఎక్కువకాలం బతకదు, కానీ గాడి పక్కన నిలిచిన నీటిలో బతుకుతుంది. గుర్రాలలో పదే పదే తిరగబెట్టే కంటి వాపుకు దానితో సంబంధం ఉంది.

మేతకన్నా గాడి ప్రమాదకరమైన సందర్భం ఒకటి ఉంది. పెళ్ళిళ్ళ కాలంలో వేర్వేరు ఊళ్ళ గుర్రాలను ఒకే చోట కట్టి ఒకే తొట్టిలో నీళ్ళు, ఒకే కుప్పలో మేత పెడతారు. స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల జబ్బు, గ్లాండర్స్ అనే అంటురోగం రెండూ చీమిడి అంటిన మేత, నీటి ద్వారా పాకుతాయి. గ్లాండర్స్ మనుషులకు కూడా సోకి ప్రాణం తీయగలదు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం దానిని అధికారులకు తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చారు. చెరువుగట్టు గారు ఊరేగింపులకు వెళ్ళినప్పుడు తమ బకెట్టు, తమ మేత సంచి తామే తీసుకువెళ్ళడం మేలు.

డాక్టరు గారిని ఒక సందేహం అడగాలి. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువును పూడ్చిన చేలో కోసిన గడ్డి గుర్రానికి ప్రమాదమా?

విశ్రాంత పశువైద్యుడు, కడప | డిసెంబరు 7, సాయంత్రం 5:40

ప్రమాదమే. దొమ్మ రోగపు బీజాలు నేలలో దశాబ్దాల తరబడి నిలిచి ఉంటాయి. నేలకు ఆనించి కోసిన గడ్డితోను, వేర్లతో పీకిన మేతతోను మట్టి వస్తుంది, మట్టితో అవి వస్తాయి. అటువంటి చేలో కోయకపోవడమే మార్గం. మట్టిలోనే ఉండే మరో బీజం ధనుర్వాతానిది. అది మింగితే రాదు గాని, మేతలోని పల్లేరు కాయో ఇనుప తీగ ముక్కో గుచ్చుకున్న గాయం ద్వారా వస్తుంది. ధనుర్వాతానికి గుర్రం కన్నా సున్నితమైన పెంపుడు జంతువు లేదు, దానికి టీకా ఉంది, ఖరీదూ తక్కువే. అయినా సగం గుర్రాలకు వేయించరు. ఎందుకో నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలమూ అర్థం కాలేదు.

ఆదోని జట్కా | డిసెంబరు 7, రాత్రి 9:15

డాక్టరు గారి సమాధానం ఆలోచించదగినదే. దగ్గిన గుర్రాన్ని అమ్మేసేవారన్న మాట నిజం. మా నాయన అలా రెండింటిని పత్తికొండ వైపు అమ్మాడు. సరే, మేత మార్చాలంటారు. దేనికి మార్చాలి? వేరుశనగ కట్టె పనికిరాదు, వరి గడ్డిలో పందికొక్కు. జొన్న చొప్ప విషం అని కూడా ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్నాను.

కల్లూరు కళ్ళెం, కర్నూలు | డిసెంబరు 8, ఉదయం 7:30

పెద్దాయనా, వేరుశనగ కట్టె పనికిరాదని ఎవరూ అనలేదు. ఆకు నిలిచి ఉండగా బాగా ఎండిన కట్టె వరి గడ్డి కన్నా ఎంతో బలమైన మేత. మాంసకృత్తులు ఎక్కువ, గుర్రం ఇష్టంగా తింటుంది. తిక్క మచ్చ తెగులుకు ఆకు రాలిపోయి పుల్లలు మిగిలినది, వానకు తడిసి కాగినది వద్దంటున్నాము. జొన్న చొప్ప నేనే పెడతాను. కోవెలకుంట్ల రేగడిలో పండిన చొప్పను గింజ గట్టిపడ్డాక కోసి, ఎండబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించి వేస్తే ఇబ్బంది లేదు. వానలు లేక వాడిన లేత పచ్చి జొన్న, మోళ్ళ నుంచి వచ్చిన పిలకలు మాత్రం పెట్టకూడదు. వరి గడ్డిలో బలం తక్కువ, ఇసుక వంటి సిలికా ఎక్కువ. ఒక్క దానినే కడుపు నిండా పెడితే పేగులో గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి వాంతి చేసుకునే శక్తి కూడా లేదు. 350 కిలోల గుర్రానికి రోజుకు మొత్తం 5 నుంచి 7 కిలోల ఎండుమేత సరిపోతుంది. దానిని రెండు పూటలు కుదేయకుండా నాలుగైదు విడతలుగా వేయండి.

నానబెట్టడం గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి మా పద్ధతి చెబుతాను. ఒక పూటకు సరిపడే మేతను వల సంచిలో కుక్కి, డ్రమ్ములోని శుభ్రమైన నీటిలో పూర్తిగా మునిగేటట్లు పావుగంట నుంచి అరగంట ఉంచి, ఎత్తి నీళ్ళు వార్చి, తడిగా ఉండగానే పెడతాము. బీజాలు, దుమ్ము మేతకే అతుక్కుని ఉండిపోయి ముక్కులోకి లేవవు. మొదట్లో నేను రాత్రంతా నానబెట్టి పొరపాటు చేశాను. మన ఎండలకు తడి మేత మూడు నాలుగు గంటల్లోనే పులుస్తుంది, బాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది, బలమంతా నీటిలోకి దిగిపోతుంది. తినగా మిగిలిన తడి మేతను తరువాతి పూటకు దాచకూడదు, ఆ నీటిని మళ్ళీ వాడకూడదు. కొందరు వేడినీళ్ళు చిలకరించి ఆవిరి పట్టామంటారు. మేత లోపలి దాకా బాగా మరిగే వేడి చేరకపోతే ఆ అరకొర ఆవిరి సూక్ష్మజీవులకు గోరువెచ్చని పడక అవుతుంది. ఇవన్నీ కాస్త దుమ్ము ఉన్న మంచి మేతకు చేసే పనులు. బూజు పట్టినదానిని నానబెట్టి మంచిది చేయలేము.

తేమ తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. పచ్చళ్ళ సీసా ఒకటి తీసుకోండి. రెండు చెంచాల ఉప్పును పెనం మీద బాగా వేయించి చల్లార్చి అందులో పోయండి. వామి నడుమ నుంచి తీసిన మేతను చిన్న ముక్కలుగా తరిగి గుప్పెడు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు గట్టిగా కుదపండి. ఉప్పు పొడిపొడిగా అడుగుకు రాలితే నిశ్చింత. ఉండలు కట్టినా, సీసాకు అతుక్కున్నా మేతలో తేమ 15 శాతం దాటిందని అర్థం, అది నిలవకు పనికిరాదు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు | డిసెంబరు 8, ఉదయం 8:10

మట్టి సంగతి కూడా చూడండి. వేరుశనగ కట్టె వేర్లతో వస్తుంది కాబట్టి గుర్రం రోజూ ఇంత మట్టి మింగుతుంది. అది పెద్దపేగులో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. తాజా లద్దె మూడు నాలుగు ఉండలను, నేలకు తగలని భాగం చూసి తీసుకుని, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి నలిపి, మూలకు దిగేటట్లు వేలాడదీయండి. అరగంట తరువాత అడుగున చెంచాడు ఇసుక దిగితే మేతను జల్లెడ మంచం మీద దులిపి పెట్టవలసిందే. నేను నులక మంచాన్నే వాడతాను. మేతను నేల మీద వేయకుండా, అలాగని దూలానికి వేలాడదీయకుండా, గాడి అడుగున కడప బండ పరిచి దాని మీద వేస్తే తల వంచి తింటుంది, ముక్కు నుంచి చీమిడి బయటికి జారుతుంది, మట్టీ నోట్లోకి పోదు.

చెరువుగట్టు, శింగనమల | డిసెంబరు 21, సాయంత్రం 6:20

రెండు వారాల తరువాత రాస్తున్నందుకు క్షమించండి. మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని వామి దగ్గరకు వెళ్ళాను. ముందు గడ్డపారను నడుమకు దించి 20 నిమిషాలు ఉంచి లాగాను. కాగుతున్న వామిని ఒక్కసారిగా విప్పితే గాలి తగిలి అంటుకుంటుందని మా పక్క చేను రైతు చెప్పడంతో బిందెలతో నీళ్ళు కూడా సిద్ధం చేసుకున్నాను. గడ్డపార గోరువెచ్చగా మాత్రమే ఉంది. విప్పాము. పైన మూర మందం బాగుంది. కింద, మట్టి తేమ పీల్చిన అడుగు భాగమూ నడుమా కట్టె అట్టలు అట్టలుగా అతుక్కుని, పొరల మధ్య సున్నం చల్లినట్లు తెల్లగా ఉంది. ఒక మూల ఎలుక గూడు, దాని పక్కనే పాము కుబుసం కనబడ్డాయి. వాటి దగ్గరి కట్టెను ముట్టకుండా పలుగుతో లాగి తగలబెట్టాము. ఎలుకలకు మందు పెడదామనుకున్నాను గాని ఆ మందు కలిసిన కట్టె గుర్రం నోట్లోకి పోతే మరొక కథ అవుతుందని మానుకుని పిల్లిని తెచ్చాము. ఉప్పు సీసా పరీక్షలో నడుమ కట్టెకు ఉప్పు ఉండ కట్టింది, పైభాగపు కట్టెకు పొడిగానే రాలింది.

మొత్తం మీద మూడో వంతు మిగిలింది. దానిని నాలుగు రోజులు ఎండబెట్టి, మంచం మీద దులిపి, కొత్తగా బండలు పరిచి చుట్టూ కాలువ తవ్వి వేశాము. పెద్ద గుర్రానికి గరిక, కత్తిరించిన జొన్న చొప్ప నడుస్తున్నాయి. చొప్పను అరగంట నానబెడుతున్నాము. సాలకు పడమటి వైపు ఉన్న తడికను తీసేశాము. మా వైద్యునికి డాక్టరు గారు రాసినదంతా చూపించాను. ఆయన ఏమీ నొచ్చుకోకుండా మళ్ళీ పరీక్షించి, సూదులు ఆపి, ఊపిరి ఆడే మందు 10 రోజులకు రాశారు. లద్దె పరీక్షలో ఇసుక చిటికెడు వచ్చింది.

ఒక్క సందేహం. పాడైన కట్టెను మా ఎద్దులకు వేయవచ్చునా? ఇంకొకటి, వామి విప్పిన రాత్రి నాకూ చలిజ్వరం వచ్చి, ఛాతీ పట్టేసి, మర్నాటికి తగ్గింది.

విశ్రాంత పశువైద్యుడు, కడప | డిసెంబరు 21, రాత్రి 7:45

ఎద్దులకూ వద్దు. నెమరు వేసే పశువు గుర్రం కన్నా కొంత తట్టుకుంటుంది గాని బూజు విషాలు దానికీ హానే, చూడి ఆవులు ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. పెంట దిబ్బకు వేసి నీళ్ళు చల్లి మట్టి కప్పండి, వచ్చే ఏడాదికి ఎరువు అవుతుంది. ఈ సందర్భంలో మరొక హెచ్చరిక: బూజు పట్టిన మొక్కజొన్నను ఎట్టి పరిస్థితిలోనూ గుర్రం దాణాలో కలపకండి. అందులో ఫ్యుజేరియం బూజు వదిలే విషం గుర్రం మెదడును కరిగించి చంపుతుంది. కోళ్ళ దాణా కూడా వద్దు. కొన్ని దాణాలలో కలిపే మొనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేస్తుంది, గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

మీకు వచ్చినది కూడా అదే బూజు పని. వైద్య గ్రంథాలలో దానికి రైతు ఊపిరితిత్తుల జబ్బు అనే పేరే ఉంది. ఈసారి మంచి మాస్కు కట్టుకుని ముట్టండి, మళ్ళీ వస్తే ఛాతీ వైద్యునికి చూపించుకోండి.

ఆదోని జట్కా | డిసెంబరు 22, ఉదయం 6:55

ఎవరికీ చెప్పకుండా నేను కూడా మా గుర్రం లద్దె సంచిలో వేసి వేలాడదీశాను. అడుగున రెండు చెంచాల ఎర్ర ఇసుక దిగింది. మా నాయన ఉంటే చూపించేవాణ్ణి. నులక మంచం ఎంత వెడల్పు ఉండాలో పెన్నా ఒడ్డు గారు చెప్పగలరు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు | డిసెంబరు 22, ఉదయం 9:30

మామూలు మంచమే చాలు అన్నా, నులక వదులుగా ఉండాలి. గాలి వాలున, గుర్రానికి దూరంగా దులపండి.

చెరువుగట్టు, శింగనమల | జనవరి 9, ఉదయం 7:40

ఈ పొద్దున నిమిషానికి 14 లెక్క వచ్చింది. మేత వేసినప్పుడు దగ్గు లేదు. సాల ఊడ్చేటప్పుడు మాత్రం ఒకసారి దగ్గింది, ఇకపై దానిని బయట కట్టాకే ఊడుస్తాము. మాఘంలో ధర్మవరంలో ఒక ఊరేగింపు ఒప్పుకుని ఉన్నాను. టపాకాయల పొగ మధ్యకు తీసుకుపోవచ్చునా అని అడగబోయి, సమాధానం నాకే తెలిసి, పెళ్ళివారికి ఫోను చేసి పొట్టి గుర్రాన్ని పంపుతానన్నాను. పెళ్ళికొడుకు ఆరడుగులు ఉంటాడట, ఒప్పుకోలేదు.